గిజిగాడి గూటికి ఒకటే కిటికీ

చిత్తడి నేలల పక్షుల కేంద్రానికి మా ఆయన ఒక టవరు డిజైన్ చేస్తున్నారు. అది గిజిగాడి గూడులా ఉండాలట. దాని అట్టముక్కల నమూనా మా భోజనాల బల్లనంతా ఆక్రమించేసింది. మేమేమో కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. ఇవాళ ఒళ్ళు మండి, తప్పు పట్టుకుందామనే కళ్ళజోడు పెట్టుకుని దాని ముందు కూర్చున్నాను. దొరికింది. పైన పక్షుల్ని చూసే కిటికీ మరీ కిందికి ఉంది.

"మీలాంటి తాటిచెట్టంత మనుషులు నడుం వంచి చూడాలా?" అన్నాను.

"మొన్న ఆ కేంద్రంలో పిట్టల్ని చూసే తడిక వెనక, దాని కన్నం అందక మునివేళ్ళ మీద నిలబడి, ఒక్క పిట్టా కనబడలేదని నన్నే తిట్టావు కదా. అందుకే నీ ఎత్తుకి పెట్టాను."

"అయితే పొడుగువాళ్ళకి పైన ఇంకోటి పెట్టండి. ఆ మాత్రం తట్టలేదా?"

ఆయన వేళ్ళకంటిన జిగురు తుడుచుకున్నారు. "తట్టింది. అప్పుడు నేను అందులోంచి, నువ్వు ఇందులోంచి చూస్తాం. ఇంక కలిసి చూసేదెక్కడ?"

"నడుం పట్టేస్తే మాత్రం మందు రాయమని నా దగ్గరికి రాకండి," అని కంచం తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఆయన పక్కనే కూర్చున్నాను.