ఏడు ఫుల్ తాకాలు

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉధ్నాలోని చీరల ఫ్యాక్టరీ నుంచి సేఠ్ ఫోన్ చేశాడు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది, నా చేతులకు పిండి ఉంది, మోచేత్తో ఫోన్ ఎత్తాను.

"సంగీతాబేన్, మార్కెట్ వాళ్లకు నీ ఎనిమిది రంగుల డిజైనే పసంద్ అయింది. ఐదింటికల్లా ఫైల్ పంపు. మగ్గం మీద పడుగు బీమ్ ఎక్కించి పెట్టిన. ఐదు దాటితే అంబదాస్‌ది చాలూ చేస్త."

"పేరు?" అన్నాను.

"మాటిచ్చిన గదా. సాంపిల్ కార్డు మీద నీ పేరే."

ఆరేళ్లుగా నేను సూరత్ లింబాయత్‌లో ఈ ఒంటిగది ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ మీద చీరల అంచులు, కొంగులు గీస్తున్నాను. గీసేది నేను. కార్డు మీద పడేది అంబదాస్ పేరు. ఆయన సేఠ్ ఫ్యాక్టరీలో డిజైన్ మాస్టర్. నా గీతల్లో ఒక్క గీత కూడా ఆయన గీయలేదు, అలాంటివి గీయనూ లేడు. పోయిన నెల సేఠ్ ముందు కూర్చుని పోట్లాడాను. మార్కెట్ ఒప్పుకుంటే ఈసారి నా పేరే వేస్తానన్నాడు. ఇప్పుడు మార్కెట్ ఒప్పుకుంది. పప్పు మాడిపోయినా పట్టించుకోలేదు, అంత సంతోషం నాకు.

ఒక్కటే చిక్కు. రెండు వారాల కింద ఇదే సేఠ్, ఎనిమిది రంగులైతే ఖర్చెక్కువ, నాలుగు చేయమన్నాడు. చేశాను. బుద్ధి గడ్డితిని అదే ఫైల్ మీద సేవ్ చేశాను, ఎనిమిది రంగులది పోయింది. అయినా నాకు భయం వేయలేదు. నా దగ్గర బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రతి ఆదివారం మొత్తం కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి కాపీ తీసి, తేదీ వేసి పెడుతుంది. ఏ వారానిది ఆ వారానికి వేరే. అలా ఏడు వారాలవి ఏడు. నాలుగు రంగులు చేయకముందటి ఆదివారం కాపీ తెరిచి, అందులోంచి నా ఫైల్ ఒక్కటి బయటికి తీసుకుంటే చాలు. పది నిమిషాల పని.

చేతులు కడుక్కుని డిస్కు తగిలించాను. ఏడు వరుసలు ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు. తీసి మళ్లీ పెట్టాను. వైరు మార్చాను. డిస్కు ఖాళీ.

గడప దగ్గర మా మామ నరహరి వక్కలు కత్తిరిస్తున్నాడు. నలభై ఏళ్లు సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆయనతో మంచీచెడూ మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి.

"మామా, గీ డిస్కుల ఏడు ఉండాలె. ఏం చేసిన్రు?"

"అవా? తీసేసిన బిడ్డా," అన్నాడు, తలెత్తకుండానే.

 వైరు పీకి డిస్కు ఆయన ముందు పెట్టాను.

ఎందుకు తీశారంటే ఆయన చెప్పింది ఇది. మొన్నటి ఆదివారం దాటాక నేను రెండు రోజులు నవాగామ్‌లో మా ఆడబిడ్డ వినోద ఇంటికి పోయాను. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద జాగా లేదని రాత వచ్చింది. ఆయన ఫోన్ చేసి అడిగితే, "నిండినయి ఏమన్న ఉంటే తీసెయ్యుండ్రి" అని అరిచాను నేనే, బస్సు రద్దీలో. నా ఉద్దేశం ఆయన చూసి పడేసిన వీడియోలు. ఆయన డిస్కు తెరిచి చూశాడు. ఏడు ఫైళ్లు. ప్రతిదాని పేరులో 'ఫుల్' అని ఉంది. మొత్తం కంప్యూటర్ కాపీ అని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న మాట అది. ఆయనకు తెలిసిన ఫుల్ వేరు. సూరత్‌లో సాంచా మీద నేసిన గుడ్డ చుట్టను తాకా అంటారు. కొలత నిండితే తాకా ఫుల్. ఫుల్ అయ్యాక ఒక్క గడియ కూడా సాంచా మీద ఉంచరు.

"ఏడుకు ఏడు ఫుల్లే ఉండె. ఫుల్ తాకా సాంచా మీద ఉంచుతమా? కొత్తది ఎట్ల ఎక్కుతది?" అన్నాడు, నాకే తెలియదేమో అన్నట్టు.

నేను నోరు తెరిచాను. ఏమేమి అన్నానో అన్నీ చెప్పను, సిగ్గు. ఇంట్లో కూర్చుని తిన్నది అరగక కంప్యూటర్ మీద పడ్డావన్నాను. ఆరేళ్ల కష్టాన్ని బూడిదలో పోశావన్నాను. అంబదాస్ నీకేమన్నా లంచం ఇచ్చాడా అని కూడా అన్నాను. గడపలో నిలబడి అరిచాను కాబట్టి గల్లీ అంతా పని ఆపి విన్నది. పెద్దమనిషి వక్కల కత్తెర పక్కన పెట్టి లేచాడు. "బిడ్డా, గా బీర్వల..." అంటూ ఇనుప బీరువా వైపు ఒక అడుగు వేశాడు.

"ఏం ముట్టుకోవద్దు. ఇగ ఏం మాట్లాడద్దు. నోరు మూసుకొని కూసోండ్రి," అన్నాను.

కూర్చున్నాడు.

డిస్కు సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు ఎక్కాల్సిన చోట ఆరుగురం. మెయిన్ రోడ్డు మీద పరమేశ్ కంప్యూటర్ దుకాణం ఉంది. మా కరీంనగర్ వాడే, సొంతూరి మనిషినని మొదట నా పనే చూస్తాడు. డిస్కు తగిలించి ఏదో నడిపించాడు. తెర మీద ఒక పట్టీ నత్తలా కదిలింది.

"పెద్ద ఫైళ్లక్కా. వెతుకుతది. రాత్రి పదకొండు అయితది," అన్నాడు. "వస్తదని గ్యారంటీ ఇయ్య."

"నాకు ఐదింటికి గావాలె."

"ఐదింటికైతే నన్ను అమ్ముకున్నా ఫైల్ మాత్రం రాదు."

వేరే రోజైతే నవ్వేదాన్ని. రెండు గంటలు ఆ పట్టీనే చూస్తూ నిలబడ్డాను. కూర్చోమని స్టూల్ వేస్తే కూర్చోలేదు. మూడింటికి ఇరవై శాతం. మూడున్నరకు ఇరవై రెండు. డిస్కు అక్కడే వదిలేసి ఇంటికి తిరిగొచ్చాను. మామ అదే చోట కూర్చుని ఉన్నాడు. అన్నం కంచం మూత తీయలేదు. నన్ను చూసి నోరు కదిలించాడు, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

నాలుగు రంగుల ఫైల్ తెరిచి, మార్కెట్‌కు చూపిన ఎనిమిది రంగుల కాగితం ప్రింటు పక్కన పెట్టుకుని, తిరిగి గీద్దామని కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పదిహేను రోజుల పని గంటలో అవుతుందా? ఒక పువ్వు గీశాను, రేకు తప్పింది. చెరిపాను. మళ్లీ తప్పింది. గోడ మీద గడియారం చప్పుడుకు కూడా ఒళ్లు మండింది. నాలుగూ నలభైకి ఫోన్ తీసి సేఠ్‌కు చేశాను.

"నాది పోయింది సేఠ్. అంబదాస్‌ది వేసుకోండి," అన్నాను. ఆయన ఏదో అడుగుతున్నాడు, పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, బాగా ఏడ్చాను.

కాసేపటికి భుజం మీద వేలు తగిలింది.

"ఇగ మాట్లాడొచ్చునా?" అన్నాడు మామ.

ముక్కు చీదుకుని తలాడించాను. ఆయన బీరువా తెరిచి, అడుగు అరలో తన పంచెల కింద నుంచి తువ్వాలలో చుట్టిన మూట తీశాడు. విప్పితే లోపల నా మొగుడు సురేశ్ సినిమాలు దాచుకునే నల్ల డిస్కు. దాని మీద అంటించిన కాగితం మీద వంకర అక్షరాలు: 'సంగీత. 7 తాకాలు. ఫుల్.'

"గీ ఏడు తాకాలేనా, నువ్వు దేవులాడేటియి?"

నేను కాగితాన్నే చూస్తున్నాను.

"ఫోన్ల ఫొటోలకు నువ్వే నేర్పినవ్ గద, గిక్కడ కట్ అనాలె, గక్కడ పేస్ట్ అనాలె అని. గట్లనే చేసిన. పొద్దుందాక పట్టింది. తాకా కోసినంక ఎవడన్న పారేస్తడా బిడ్డా? నేసినోళ్ల పేరు రాసి భద్రంగ పెడ్తరు."

తీసేసిన అంటే చెరిపేశాడని అనుకున్నాను నేను. ఆయన ఉద్దేశం దించి దాచానని. మాట ఒక్కటే.

డిస్కు తగిలించాను. ఏడూ ఉన్నాయి, తేదీలతో సహా. కావలసిన ఆదివారం తెరిచాను, ఫైల్ బయటికి తీశాను. తెర నిండా నా ఎనిమిది రంగులు. టైం నాలుగూ యాభై ఆరు. సేఠ్‌కు చేశాను.

మూడో రింగుకు ఎత్తాడు. వెనక సాంచా మోత.

"దొరికింది సేఠ్, ఇప్పుడే పంపుతున్న."

"చాలూ థై గయు, బేన్," అన్నాడు. మొదలైపోయిందట. "నువ్వే వద్దంటివి గద. అంబదాస్‌ది నడుస్తున్నది, కార్డు గూడ ఆయన పేరు మీదనే ప్రింట్‌కు పోయింది. బీమ్ ఎక్కినంక నడుమ దింపుతరా? నీది దీపావళి దాటినంక చూద్దాం."

ఫోన్ ఒడిలో పెట్టుకున్నాను. ఇంకో పదహారు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అసలు పన్నెండున్నరకే సరిపోయేది. బీరువా నా కుర్చీకి నాలుగడుగుల దూరం.

"ముందే చెప్పొచ్చు గద మామా," అన్నాను. అన్నాక నాకే అనిపించింది, ఎంత సిగ్గులేని మాట.

"ఏం చేసిన్రు అని అడిగినవ్. ఎక్కడ పెట్టిన్రని అడగలే," అన్నాడు. కోపంగా అనలేదు. "చెప్పవోతే కూసోమంటివి."

ఆయన ముందు నిలబడ్డాను. 

"తప్పు నాది మామా," అన్నాను మెల్లగా.

"ఆఁ?"

"తప్పు నాదే."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. తిట్టినప్పుడు గల్లీ అంతా విన్నది, ఇప్పుడు గుసగుసలాడితే ఎలా. గడప దగ్గరికి పోయి, ఎదురింటి కనకవ్వ కిటికీలోంచి చూస్తుండగా, గొంతు పగిలేట్టు అరిచాను. తప్పు నాది, మా మామది కాదు, ఆయనే నా పనిని దాచిపెట్టాడు, నేనే పోగొట్టుకున్నాను.

వెనక్కి తిరిగితే మామ అన్నం కంచం మూత తీస్తున్నాడు.

"మొదటిపారే ఇనవడ్డది బిడ్డా," అన్నాడు.