దులిపితే ఎగిరే బొమ్మలు

ఆ ఇంట్లో బట్టలు ఉతికేది అత్తగారు. కోడలు వంట ముగించేసరికి ఆవిడ బకెట్టుతో మేడెక్కి, ఒక్కో గుడ్డనీ ఫట్టున దులిపి తీగ మీద ఆరేసేది. ఆవిడ దులిపితే బట్టల మీది బొమ్మలు ఎగిరిపోయేవి. చిలకలైతే చిలకలు, పూలైతే పూలు. చుట్టుపక్కల వాళ్ళకి అది అలవాటే. ఎవరి గోడ మీదైనా ఎర్రచుక్కలు వాలితే, "మీ దుప్పటివి కాబోలు" అని కబురు పెట్టేవాళ్ళు.

కోడలు బట్టల మిల్లులో డిజైన్లు గీసేది. కిందటేడు ఆమె గీసిన కొంగల డిజైను తెగ అమ్ముడుపోయి, కొంగలు ఊరంతా పాకిపోయాయి. బస్సులో కొంగలు, బడిలో కొంగలు, ఆఖరికి బ్యాంకు కర్టెన్ల మీదా కొంగలే. అప్పట్నుంచి ఆమెకి మరోటి తోచలేదు. ఆకు గీద్దామని మొదలుపెడితే దానికి పొడుగాటి ముక్కు మొలిచేది. చించి పారేసేది. రానురాను పెన్సిలు ముట్టడమే మానేసి, తెల్లకాగితం ముందు చేతులు కట్టుకుని కూర్చునేది.

"నెలాఖరుకి కొత్తది రాకపోతే నిన్ను ప్యాకింగులో వెయ్యక తప్పదమ్మా," అన్నాడు మిల్లు యజమాని. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు.

ఆ ఆదివారం పక్కింటి టీచరమ్మ బోసిపోయిన కర్టెన్ పట్టుకొచ్చింది. భుజం నొప్పిగా ఉందని ముందురోజు దాన్ని అత్తగారి చేత దులిపించుకుంది.

"నా చేపలన్నీ పోయాయి పిన్నిగారూ. ఎంత వెతికినా దొరకలేదు."

"దానికేముంది, మా కోడలు ఏదో ఒకటి గీసిస్తుంది," అంది అత్తగారు.

కోడలు గబగబా వంటింట్లోంచి వచ్చింది. "నాకేం రావట్లేదని మీకు తెలుసుగా అత్తయ్యా."

"గొప్పగా గీయమన్నానా? ఆవిడ కిటికీకి ఏదోటి కావాలి, అంతే."

కోడలు టీచరమ్మ వైపు తిరిగింది. "ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందండీ?"

"ఏమో. పేపర్లు దిద్దుకోవడంతోనే సరిపోతోంది. తలెత్తి చూస్తేగా."

కోడలు వెళ్ళి చూసింది. కింద పాత స్కూటరు, దాని సీటు మీద వెల్లకిలా పడి నిద్రపోతున్న పిల్లి. కర్టెన్ మీద అదే గీసింది. తోక వంకర పోయింది. చక్రం కోడిగుడ్డులా వచ్చింది. దిద్దబోతే టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి. మా ఆయన స్కూటరు అచ్చం ఇలాగే నడుస్తుంది," అని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

టీచరమ్మ కర్టెన్ సంగతి తెలిసి, మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు బోసిగుడ్డతో వచ్చి కూర్చునేవాళ్ళు. "ఇవాళ ఏం చూశారు?" అని అడిగి ఆమె అదే గీసేది. ఒక దిండుగలీబు మీద ఆవలించే పోస్టుమాను, ఒక లుంగీ మీద కొట్లాడుకుంటున్న గొడుగులు. బాగుందా లేదా అని బెంగపడే తీరిక ఉండేది కాదు. ఇంకొకరు కాచుకుని ఉండేవాళ్ళు.

నెలాఖరు దగ్గరపడింది. ఎవరూ అడక్కుండానే ఆమె ఒక తెల్లదుప్పటి పరిచి, దాన్నిండా స్కూటర్లెక్కిన పిల్లుల్ని గీసింది. యజమానికి చూపించాలని ఎంతో శ్రద్ధగా గీసింది. పొద్దున లేచేసరికి అత్తగారు దాన్నీ ఉతికి దులిపేసింది.

"చూసుకోలేదే తల్లీ," అంది అత్తగారు మొహం చిన్నబుచ్చుకుని.

కోడలు ఖాళీ దుప్పటి వైపు చూసింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. "పోనీలెండి అత్తయ్యా, ఇంకోటి గీస్తాను," అని చెప్పులేసుకుంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని దారంతా ఆమెకే ఆశ్చర్యం.

మిల్లులో అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. యజమాని తెల్లచొక్కా వీపు మీద ఒక పిల్లి దర్జాగా స్కూటరు నడుపుతోంది. దారిలో వాలినట్టుంది. సరుకు కొనడానికి వచ్చిన పెద్ద కొట్లవాళ్ళు ఆయన వెనకే తిరుగుతూ, "ఇది మాకు ఎప్పటికిస్తారు?" అని అడుగుతున్నారు. దేని గురించో ఆయనకి అంతుపట్టడం లేదు.

"మీ వీపు మీదుంది సార్. నేనే గీశాను," అంది కోడలు.

యజమాని చొక్కా విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్యాకింగు సంగతి ఆయన మరి ఎత్తలేదు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉండేవి. ఎగిరిపోయాయి."

"మరెలా?"

ఆమె చొక్కాని బల్ల మీద పరిచి పెన్సిలు తీసుకుంది. బనీను మీద మిగిలిన యజమాని, వచ్చినవాళ్ళకి బొజ్జ కనపడకుండా ఫైలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"కదలకండి సార్," అని ఆమె ఆ ఫైలు దగ్గర్నుంచి ఆయన్ని గీయడం మొదలుపెట్టింది.