తమ్ముడు బయటపెట్టిన లెక్కలు

పార్లర్ అక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తల్లి పోయాక తమ్ముణ్ణి తానే పెంచింది. ఊళ్ళోవాళ్ళ జుట్లు కత్తిరించి, రంగులేసి, వాణ్ణి లాయర్ని చేసింది. తన పెళ్ళి సంగతి తలుచుకునే తీరిక దొరకలేదు. వాడు రాజకీయాల్లోకి దిగాక, వాడి ఉపన్యాసాలు కస్టమర్లకు వినిపించడానికే పార్లర్‌లో టీవీ పెట్టించింది.

"నా పన్నుల లెక్కలు, మా ఇంటిల్లిపాది లెక్కలు, గెలిచిన నెల తిరక్కుండా మీ ముందు పెడతాను!" అని వాడు సభలో ఛాతీ చరుచుకుంటే, అక్క దువ్వెన పక్కన పడేసి చప్పట్లు కొట్టింది.

"చూశారా, మావాడికి దాపరికం చేతకాదు."

వాడు గెలిచాడు. నెల తిరిగింది, ఏడాదీ తిరిగింది. విలేకరులు అడిగినప్పుడల్లా "ఆడిటర్ చూస్తున్నాడు" అని దాటేశాడు. ప్రతిపక్షం రచ్చ చేశాక ఇక తప్పక బయటపెట్టాడు. ఆ కాగితాల్లో వాడు కడిగిన ముత్యం.

"మరి కొండమీది బంగళా, క్వారీలు ఎవరివి సార్?" అడిగాడొక విలేకరి.

వాడు తల దించుకున్నాడు. "మా అక్కవి. ఆవిడ పన్నులు ఎగ్గొట్టిందని నాకూ నిన్ననే తెలిసింది. నన్ను కన్నతల్లిలా పెంచింది. అయినా చట్టం ముందు అక్కేమిటి, తమ్ముడేమిటి?" కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

పార్లర్‌లో కుర్చీలో ఉన్నావిడ జుట్టుకు రంగు సగమే పట్టింది. అక్క బ్రష్ పట్టుకునే టీవీలో వాణ్ణి చూస్తోంది. క్వారీ ఎలా ఉంటుందో కూడా ఆమె ఎరగదు. "ఇక్కడో సంతకం పెట్టక్కా" అని వాడు అడిగినప్పుడల్లా చదవకుండా పెట్టేది. చదివితే నొచ్చుకుంటాడేమోనని.

ఫోన్ చేస్తే వాడే ఎత్తాడు.

"ఒరేయ్, నాకేం తెలుసురా? నువ్వే చెప్పరా వాళ్ళకి!"

"అక్కా, నీకు పిల్లాజెల్లా లేరు. పరువు పోయినా అడిగేవాళ్ళెవరు? నాకు సంసారం ఉంది. లాయర్ని పంపిస్తాలే."

లాయరు వచ్చాడు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్నాడు. అక్క వినకుండా పన్నుల అధికారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, "సంతకం మీదేనా?" అన్నాడు.

"నాదే."

ఆయన ఇంకేమీ అడగలేదు.

జైలు నుంచి వచ్చేసరికి పార్లర్ జప్తులో పోయింది. ఊళ్ళోకెల్లా పెద్ద పార్లర్‌లో జీతానికి కుదిరింది. ఈలోగా, సొంత అక్కనే పట్టించిన నిప్పులాంటి మనిషని జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. మంత్రి పదవి వచ్చింది.

ప్రమాణస్వీకారం రోజు పొద్దున్నే మరదలు అక్కడికే వచ్చింది. అద్దంలో ఆడపడుచును చూసి ఒక్క క్షణం తడబడింది. అంతలోనే సర్దుకుంది.

"నువ్వా వదినా! మంచిదే అయింది. కాస్త శ్రద్ధగా ముడి వెయ్యి, టీవీలో పడాలి."

అక్క జడ విప్పి చిక్కులు తీయడం మొదలుపెట్టింది. దువ్వుతూనే అడిగింది.

"వాడు ఎప్పుడైనా నా మాటెత్తుతాడా?"

"ఎత్తకేం వదినా! ప్రతి మీటింగులోనూ నీ గురించే చెప్తారు. చప్పట్లన్నీ అక్కడే."

అక్క ముడి బిగించి, పిన్నులు గుచ్చి, వెనకనుంచి చిన్న అద్దం పట్టి చూపించింది. మరదలికి బాగా నచ్చింది.