కాళ్ళు నేలకి ఆనాలి

రోజూ పొద్దున తొమ్మిదింటి నుంచీ కర్టెన్ల అంచుల్లో సీసం గుళ్ళు పెట్టి కుట్టడం ఆ నలుగురాడవాళ్ళ పని. అంచు బరువుంటేనే గాలికి తెర ఎగరదు. ఇవాళ మాత్రం గుళ్ళన్నీ వాళ్ళ గౌన్ల అంచుల్లోకి వెళ్ళాయి. పాడినంతసేపూ వాళ్ళు నేల వదిలి గాల్లోకి లేస్తూనే ఉంటారు మరి.

నలుగురికీ యాభై దాటింది. గ్రూపు పేరు మెరుపు పిల్లలు. మిగతా ముగ్గుర్నీ బతిమాలి పాటల పోటీలోకి లాగింది చిన్నక్క. పాట మీద ప్రేమతో కాదు. ఆవిడ కూతురు పోటీ జరిగే హాల్లో లైట్లమ్మాయి. నలభై అడుగుల ఎత్తున ఇనప కమ్మీల మీద పాకుతూ దీపాలు తిప్పుతుంది. నడుముకి బెల్టుంది గానీ, దాని కొక్కెం కమ్మీకి తగిలించదు. చెప్తే వినదు. పోటీలో ఉన్నవాళ్ళని తప్ప హాల్లోకి రానివ్వరు. తల్లి ఇంకేం చేస్తుంది? పాప్ స్టారయింది.

"పోయినసారి మీరు గాల్లో ఉన్నారు," అన్నాడు జడ్జి కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "స్టెప్పులు లెక్కకి రాలేదు. ఇవాళ ఒక్కరి కాళ్ళు లేచినా నలుగురూ అవుట్."

"లేవవు బాబూ," అంది పెద్దక్క. "లాగినా లేవవు."

పాట మొదలైంది. "నాకింకా పదహారే..." పెద్దక్క మోకాళ్ళు టకటకమన్నాయి. చిన్నక్క చూపు పైనే ఉంది. చివరి దీపం అందక కూతురు ఒంటికాలి మీద ముందుకి వంగింది. కొక్కెం వెనకాల తోకలా ఊగుతోంది.

అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. పాట ఆపితే తను గాల్లోకి లేవడం కుదరదు. చిన్నక్క పాడుతూనే వంగి, అంచు దారం పళ్ళతో కొరికింది. గుళ్ళు స్టేజీ మీద జలజలా రాలాయి.

"ఏమే, కొంప ముంచావు కదే!" పెద్దక్క అదే రాగంలో తిట్టింది.

గాల్లో తేలుతూ పైకి చేరిన తల్లి, "నాకింకా పదహారే" అంటూనే కొక్కెం కమ్మీకి తగిలించింది. టక్.

"అబ్బా, అమ్మా! డ్యూటీలో ఉన్నాను. పరువు తీయకు, దిగు!" అంటూనే కూతురు దీపం కోసం ఇంకో అరడుగు వంగింది. కాలు జారింది.

చిన్నక్క పాట ఆగి, ఒళ్ళు కిందికి జారసాగింది. కింద ముగ్గురూ ఆ 'రే'ని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీశారు. దాని మీదే ఆవిడ మెల్లగా దిగింది.

"నాలుగో ఆవిడ కాళ్ళు లేచాయి," జడ్జి రాసుకున్నాడు. "అవుట్. రేపట్నించి రానక్కర్లేదు."

చిన్నక్క తలెత్తి పైకే చూస్తోంది. బెల్టుకి వేలాడిన కూతురు, ఎలాగో పాకి కమ్మీ ఎక్కి కూర్చుంది. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి, కొక్కెం గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది. ఇంకోసారి లాగి చూసుకుంది.