మూడో ప్రకటన

కలకత్తా గార్డెన్ రీచ్‌లో, తెలుగువాళ్ల సందులో దర్జీ వెంకటేశు, లోయిస్ పెళ్లి జాకెట్టుకి కొలతలు తీస్తూ ఎడమ చేతి దగ్గర ఆగిపోయాడు.

"ఏటమ్మా, ఈ సెయ్యి సుట్టుకొలత రెండోదానికన్నా ముప్పావంగుళం ఎక్కువొస్తంది? రెండుపాలి కొలిసాను."

"రోజూ బస్సులో రాడ్డు పట్టుకుని ఏలాడితే కండ రాదేటి, దాదా?" అని లోయిస్ నవ్వేసింది.

పక్కనే కూర్చున్న తల్లి రేబెకా మాత్రం టేపు లాక్కుని ఆ చేతిని మళ్లీ కొలిచింది. నాలుగేళ్ల కిందట కొడుకు సునీల్‌కుమార్ తొడకండలో పుట్టిన క్యాన్సర్ కూడా, పంట్లాం ఒక కాలు బిగుతుగా ఉందన్న మాటతోనే మొదలైంది. పద్నాలుగేళ్లకే వాణ్ణి మట్టిలో కలిపేసింది.

వాడు పోకముందు ఆసుపత్రిలో తల్లీపిల్లలు ముగ్గురి రక్తమూ పరీక్ష చేశారు. కణాలు అడ్డదిడ్డంగా పెరగకుండా కాపలా కాసే జన్యువొకటి రేబెకాకి పుట్టుకతోనే చెడి ఉందట. అదే సునీల్‌కి వచ్చింది, లోయిస్‌కీ వచ్చింది. "జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ఏడాదికోసారి స్కాన్ తీయిస్తే, వచ్చినా మొదట్లోనే పట్టుకోవచ్చు" అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. రేబెకా ఏం చేసింది? బయటికి పొక్కితే పిల్లని ఎవడు చేసుకుంటాడని ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుక్కి తోసేసి, అప్పటికి పదహారేళ్లున్న కూతురితో "నీకేటీ లేదంట" అనేసింది. తల్లి ప్రేమట! పాడు ప్రేమ!

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకుంది. నోరు రాలేదు. తెల్లారితే ఆదివారం, చర్చిలో మూడు వారాలు వరసగా చదివే పెళ్లి ప్రకటనల్లో ఆఖరిది. పెళ్లికొడుకు ఎవరో కాదు, రేబెకా అన్న ఎలీయాజరు కొడుకు ఆండ్రూయే.

పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఆండ్రూకును లోయిస్‌కును జరగబోవు వివాహమునకు ఇది మూడవ ప్రకటన. అభ్యంతరమున్నవారు ఇప్పుడే తెలియజేయవలెను."

ఆ మాటకి ఎవరూ లేవరు. ఆ చర్చిలో ఏనాడూ ఎవరూ లేవలేదు. ఆయన కాగితం మడవబోతుండగా రేబెకా లేచి నిలబడింది.

"నాకుంది, అయ్యగారూ."

జనమంతా అటు తిరిగారు. "మతి పోనాదేటే నీకు!" అని ఎలీయాజరు కసిరాడు.

"సునీల్‌ని తినేసిన జబ్బు మన రగతంలోనే ఉందన్నియ్యా. నాకుంది. నీకూ ఆండ్రూకీ ఉందో లేదో పరీక్ష సేయించాల. నా బంగారుతల్లికి..." పక్కనున్న లోయిస్ వైపు తిరిగింది. "దానికీ ఉంది."

లోయిస్ ఏడవలేదు, అరవలేదు. తల్లి కొంగు పట్టి మెల్లగా కూర్చోబెట్టింది.

"ఎప్పటినుండి తెలుసమ్మా?"

"నాలుగేళ్లు."

"మరి సూపించుకోమని సెప్పలేదా డాక్టర్లు?"

దేవుడి ఎదుట ఇంకో అబద్ధం ఆడడానికి రేబెకాకి ధైర్యం చాలలేదు.

"ఏడాదికోపాలి రమ్మన్నారే."

లోయిస్ ఆమె కొంగు వదిలేసింది.

"అయితే నాలుగుపాల్లు," అంది. "నాలుగుపాల్లు నన్ను తీసుకెల్లలేదు నువ్వు."