మంచె దిగిన వీరుడు

కామారెడ్డిలో మా జిరాక్స్ సెంటర్‌కు వచ్చేవాళ్లకు నేను శైలేందర్‌ని. కౌంటర్ వెనక కంప్యూటర్‌లో మాత్రం రాక్షసుల పాలిట యముణ్ని. పాతకాలం ఆటల తీరులో చేసిన ఆట అది. మనుషులు, గోడలు, నెత్తురు అన్నీ ఇటుకపెళ్లల్లా చతురస్రాలే. కథ లేదు, మాటలు లేవు. తలుపు తన్నితే ఊడిపోతుంది. తుపాకీ పేలిస్తే ఎదుటివాడు ఎర్రగా మెరిసి, తెరంతా అదిరి, ముక్కలవుతాడు. ఆగావా, చచ్చావు. శత్రువు మీదికే ఉరకాలి. ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని మా ఆవిడ పల్లవి అడిగితే, చేతికి చురుకుదనం వస్తుందని బుకాయించాను. అసలు సంగతి వేరు. అక్కడ కొట్టిన ప్రతి దెబ్బకూ అప్పటికప్పుడే జవాబు వస్తుంది. తగిలిందో లేదో అన్న అనుమానం ఉండదు.

మా అత్తగారింట్లో ఆ సుఖం లేదు. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె వాళ్లది. పెళ్లయి ఇన్నేళ్లయినా మా అత్త మంగవ్వ అల్లుడితో సూటిగా మాట్లాడదు. అది మర్యాద. నాకు చెప్పాల్సింది పల్లవికి చెబుతుంది. పల్లవి లేకపోతే మామ కిష్టయ్యకు, ఆయనా లేకపోతే కొట్టంలోని బర్రెకు. కూర బాగుందని నేను మెచ్చుకున్నా జవాబు బర్రెకే.

ఈ వానాకాలం మామ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కామారెడ్డి ఆస్పత్రిలో ఆయన దగ్గర పల్లవి ఉండిపోయింది. పల్లెలోనేమో ఎకరం మక్కజొన్న చేను పాలకంకుల మీదుంది, కోతుల మంద రోజూ దిగుతోంది. ఆ ఇంటికి ఏడాది ఆధారం ఆ చేనే. కావలికి నేను పోతానన్నాను. అత్త దగ్గర ఒక్కసారైనా పనికొచ్చే మనిషిననిపించుకోవాలని నా ఆశ. పల్లవి నా మొహం ఎగాదిగా చూసి, వాళ్లమ్మ చెప్పినట్టు చెయ్యమని మాత్రం అంది.

తెల్లవారగానే అత్త బర్రెకు గడ్డి వేస్తూ దానితో చాలాసేపు మాట్లాడింది. మంచె మీదనే కూర్చోవాలట, డబ్బా కొట్టాలట, ఏమైనా సరే చేనులోకి దిగొద్దట. అది నాకేనని తెలుసు. కానీ ఆ మాట బర్రెకు ఎంత తగిలిందో నాకూ అంతే తగిలింది.

పొద్దెక్కేసరికి కోతులు వచ్చాయి. డబ్బా వాయించాను. ముందున్న గండుకోతి నన్నొకసారి చూసి, కంకి ఒలిచి, తీరిగ్గా కొరికింది. ఎర్రగా మెరవలేదు, అదరలేదు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఆగితే చస్తామన్న నా వేదం గుర్తొచ్చి, కర్ర పట్టుకుని మంచె మీంచి దూకాను. అడ్డంగా ఉరికాను, నిలువుగా ఉరికాను, కోతి ఎటు గెంతితే అటు తిరిగాను. చుట్టూ ఫెళఫెళమని చప్పుడు. అబద్ధమెందుకు, అంత ఆనందం కంప్యూటర్ కూడా ఎన్నడూ ఇవ్వలేదు. చివరికి కోతులన్నీ గట్టు మీది వేపచెట్టెక్కి కూర్చున్నాయి. గెలిచాననుకుని వెనక్కి తిరిగాను.

ఆటలో ఎంత ఉరికినా నేల చెక్కుచెదరదు. ఇక్కడ నేను తిరిగిన దారి పొడుగునా పడిపోయిన మక్కకర్రలే.

సద్ది తెచ్చిన అత్త గట్టు మీదే నిలబడిపోయింది. పల్లవి లేదు, మామ లేడు, బర్రె ఇంటి దగ్గరుంది. చెట్టు మీది కోతుల వైపు చూసింది. వాటికి చెప్పి లాభం లేదనుకుందేమో, నా వైపు తిరిగింది.

“ఏందిరా కొడుకా, గిట్ల జేసినవ్? కోతులు కంకులే తింటయి. నువ్వు కర్రలే పండవెడ్తివి గదరా.”

ఆమె కళ్లలో నీళ్లు. సిగ్గుతో నా తల నేలకు వాలింది. ఆమె కొంగు బిగించి చేనులోకి దిగితే నేనూ వెంట నడిచాను. వేరు తెగని కర్రలను ఒక్కొక్కటే లేపి మొదట్లో మట్టి ఎగదోశాం. సాయంత్రానికి చాలావరకు నిలబడ్డాయి. నిలబడనివి బర్రె పాలయ్యాయి.

ఇంటికొచ్చాక అత్త నా ముందు పళ్లెం పెట్టింది. తనకేదో చెబుతుందని బర్రె అలవాటుగా తలెత్తింది. అత్త దాని వైపు తిరగలేదు.

“తిను. రేపు మంచె దిగినవంటే మీ మామకు తోడు నీ కాలు గూడ ఇరగ్గొడ్త.”

ఇన్నేళ్ల ఆటలో ఇంత సూటిగా తగిలిన దెబ్బ లేదు. దిగను అత్తమ్మా అన్నాను. సంతోషంగా పళ్లెం దగ్గరికి లాక్కున్నాను.