చెల్లెలు చేసిన ఆట

దంతవైద్యుడికి చెల్లెలంటే ప్రాణం. ఆమె పనంటేనే చులకన. ఆమె వీడియో గేములు తయారు చేస్తుంది. ఎవరైనా అడిగితే, మా చెల్లి పిల్లలకు బొమ్మలు చేస్తుందని నవ్వేసేవాడు. అవి బొమ్మలు కావని ఆమె అంటే, ముంజేతి కంకణానికి అద్దమెందుకు, మీట నొక్కితే గెంతేది బొమ్మ కాక మరేమిటని వాదించేవాడు.

వాళ్ల తల్లి ఆమె దగ్గరే ఉంటోంది. మతిమరుపు బాగా ముదిరింది. అతను సెలవురోజున వచ్చి, మందులు చూసి, కాసేపు కూర్చుని వెళ్లేవాడు.

ఆ ఆదివారం అతను వచ్చేసరికి తల్లి నిద్రపోతోంది. కొత్త ఆట పూర్తయిందని, ఆడి చూడమని చెల్లెలు అడిగింది. నాకిది బొమ్మలాడుకునే వయసా అంటూనే అతను కంట్రోలర్ అందుకున్నాడు.

తెర మీద ఒక వంటిల్లు. ఆటలో అతను ఓ ముసలావిడ. పొయ్యి మీద పాలు పెట్టి గ్లాసు కోసం తిరిగితే, అలమర ఉన్న చోట గోడ ఉంది. పడగ్గది తలుపు తీస్తే వీధి వచ్చింది. కాసేపటికి ఏం వెతుకుతున్నాడో అతనికే గుర్తు లేదు. ఎవరినైనా అడగమని తెర మీద సూచన వస్తే మీట నొక్కాడు.

ఆటలో ముసలావిడ వెనకనుంచి ఒక మగగొంతు పలికింది. "ఇప్పుడే కదమ్మా చెప్పాను? ఎన్నిసార్లు చెప్పాలి?"

గొంతు ఎవరో నటుడిది. మాటలు మాత్రం తనవే. ఇంకోసారి అడిగితే మళ్లీ అవే మాటలు. ఆ తర్వాత అడగడానికి అతనికి భయం వేసింది. బొటనవేలు మీట మీదే ఆగిపోయింది.

"నేనేనా?" అన్నాడు.

చెల్లెలు తలూపింది.

"అమ్మ ఆడిందా ఇది?"

"ఒక్కసారి. ఆ మాటలు వినగానే కంట్రోలర్ ఒళ్లో పెట్టేసింది. 'వాడికి కోపమొచ్చింది, నేనేం చేశానే?' అంది. మళ్లీ ఆడించలేదన్నయ్యా."

అతనికి తల కొట్టేసినట్టయింది. నోరు తెరవడానికి జంకే రోగులను ఎంతసేపైనా బుజ్జగించేవాడు. ఆ ఓపికలో పిసరంతైనా తల్లికి మిగల్చలేదు. లేచి తల్లి గదిలోకి వెళ్లాడు.

ఆమె మేలుకుని దుప్పటి మడత పెడుతోంది. అతన్ని చూసి కంగారుగా జుట్టు సర్దుకుని, మంచం మీద పక్కకు జరిగింది.

"కూర్చోండి. మా అబ్బాయి వచ్చే వేళయింది," అంది.

ఆ 'అండి' వినగానే అతనికి తలెత్తబుద్ధి కాలేదు. కూర్చుని, దుప్పటి రెండో అంచు పట్టుకున్నాడు. మడత వంకర పోయిందని ఆమె విప్పించింది. అతను మళ్లీ మడిచాడు.